పన్నెండు గంటల సంతకం

"ఇది మీరు పెట్టిన సంతకమేనా?"

భోజనాల బల్ల మీద రెండు టీ గ్లాసుల మధ్య రిజిస్టరు తెరిచి ఉంది. భార్య అడిగిన ఆ మాటకి బైండరు గ్లాసు ఎత్తబోయి ఆగాడు. కిటికీ దగ్గర కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్న అతని తల్లి, తుడవడం ఆపలేదు గానీ చెవులు మాత్రం ఇటే పెట్టింది. బయట ఇంకా పూర్తిగా తెల్లవారలేదు.

"నా పేరే కదా ఉంది," అన్నాడతను.

"పేరు మీదే. రాత ఎవరిదని అడుగుతున్నాను."

నిన్న సాయంత్రం నుంచి ఆమె ఈ ప్రశ్నను మింగలేక కక్కలేక అవస్థ పడుతోంది. మందిరంలో ఆమెను అందరూ రిజిస్టరక్క అంటారు. ఈ నలభై రోజుల గొలుసు ప్రార్థన ఆమె ఆలోచనే. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ప్రార్థన గది ఒక్క గంట కూడా ఖాళీగా ఉండకూడదు. ఒకరు మోకాళ్ళ మీద నుంచి లేచి, సంతకం పెట్టి, గదికి తాళం వేసి, ఆ తాళంచెవి తర్వాతి మనిషి చేతిలో పెట్టాలి. ఎవరికి ఏ గంటో ఆమే రాసింది. పన్నెండు గంటల వరుసలో మొగుడి పేరు రాసిందీ ఆమే. బైండింగ్ షాపులో అది భోజన విరామం.

స్కూలు యూనిఫారాల కుట్టు మీద పడి మూడు వారాలు రిజిస్టరు తిరగేయలేదు. నిన్న తిరగేసింది. మొదటి మూడు రోజులు పన్నెండు గంటల వరుసలో పెన్సిలు సంతకం. ఆ తర్వాత పంతొమ్మిది రోజులూ నీలం సిరా.

అతను సిరా ముట్టడు. పుస్తకాలు కుట్టే వేళ్ళకి సిరా అంటితే పరాయివాళ్ళ పుస్తకం పాడవుతుందని అతని భయం. పెన్సిలు ఎప్పుడూ చెవి మీదే ఉంటుంది. పెళ్ళిరోజు మందిరం పుస్తకంలో సంతకానికి కూడా పెన్సిలే తీయబోతే పాస్టరుగారు చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ సంగతి తలుచుకుని పద్దెనిమిదేళ్ళుగా నవ్వుకుంటూనే ఉన్నారు. ఈ రోజు ఎవరూ నవ్వలేదు.

"నేను పెట్టలేదు," అన్నాడు చివరికి.

"మరి మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఎక్కడుంటున్నారు?"

అతను చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకప్పుడు ఇతని ఆమేన్ వింటే వెనక బెంచీలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. షాపులో తోటివాళ్ళు ఇతనికి ఆమేన్ గారు అని పేరు పెట్టారు. ఏడాదిగా ఆ ఆమేన్ ఆలస్యంగా వస్తోంది, వచ్చినా పక్క మనిషికి తప్ప వినపడదు. షాపులో పని తగ్గింది, నడుం నొప్పి పెరిగింది, అలసట అనుకుంది ఆమె. అలసిన మనిషిని మళ్ళీ రగిలించడానికే అందరికంటే ముందు ఇతని పేరు రాసింది. ఆ మాట పైకి అనలేదు గానీ, ఈ గొలుసంతా ఆమె మొగుడి కోసం అల్లిందే.

"ఆ గదిలో నాకు ప్రార్థన రావడం లేదు," అన్నాడు.

"అందుకని ఇంకెవరి చేతనో సంతకం పెట్టిస్తారా? దేవుడి దగ్గర కూడా హాజరు వేయిస్తారా?"

ఆమె బల్ల చుట్టూ తిరిగి వచ్చి అతని ఎడమ చెయ్యి పట్టుకుంది. ప్రేమతో కాదు. మణికట్టు దగ్గర బొత్తం పైకి తిప్పి చూపించింది.

"ఈ బొత్తం ఊడిందని నాకు చెప్పనేలేదు. నేను మీ బూడిదరంగు చొక్కాలకి బూడిదరంగు దారమే వాడతాను. ఇది తెల్లదారం. ఎవరు కుట్టారు?"

బైండరు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుంది. కోడలు కుట్టుమనిషి, కొడుకు చొక్కా మీద పరాయి దారం. ఇక అర్థం కావడానికి ఏముంది?

అయితే రిజిస్టరక్క ఒక సంగతి దాచింది. దారం పరాయిదే గానీ కుట్టు పరాయిది కాదు. బొత్తం కింద దారాన్ని మూడు చుట్లు బిగించి, ముడిని బట్ట మడతలోకి లాగేసే పద్ధతి ఆమెది. తొమ్మిదేళ్ళ వయసులో నేర్చుకుంది. ఆ పద్ధతిలో ఇంకెవరైనా కుట్టగా ఆమె ఇంతవరకూ చూడలేదు. ఇస్త్రీ చేస్తుంటే కంటబడి, ఒక నిమిషం నేనే కుట్టి మరిచిపోయానా అని తన మీద తనకే అనుమానం వచ్చింది. దాని తర్వాత వచ్చిన అనుమానం ఇంకా చెడ్డది. తన ఇంటి సంగతులు బాగా తెలిసిన ఆడది ఎవరో, తనను చూసి చూసి నేర్చుకుంది.

"నన్ను ఇన్ని అడిగావు. నేనొకటి అడగనా?" అన్నాడు బైండరు.

"అడగండి."

"మీ నాన్నగారు ఎప్పుడు పోయారు?"

 ఈ మనిషి ఉన్నట్టుండి ఎక్కడికి వెళ్ళాడు?

"నాకు తొమ్మిదేళ్ళప్పుడు. మీకు తెలియనిదా? ప్రతి ఏడూ సాక్ష్యంలో చెబుతూనే ఉన్నాగా."

"చెబుతావు," అన్నాడతను. "తండ్రి లేని నన్ను ప్రభువే తండ్రై పెంచాడని చెబుతావు. విన్న ప్రతిసారీ నాకు కన్నీళ్ళు వచ్చేవి."

వచ్చేవి అన్నాడు. వస్తాయి అనలేదు. ఆమె దాన్ని పట్టుకునేలోపే అతను క్యారేజీ తీసుకుని గుమ్మం దాటాడు. టీ గ్లాసులో సగం అలాగే ఉండిపోయింది.

పెద్దావిడ లేచి వచ్చి రిజిస్టరు మూసింది. వాడికేదో జబ్బు చేసి ఉంటుందని, డాక్టరు దగ్గరికి వెళ్తూ మనకి చెప్పడం లేదని, చొక్కాకి ఈమధ్య జిగురు వాసన పోయి సబ్బు ఆవిరి వాసన వస్తోందని చెప్పుకొచ్చింది. తల్లి కదా, కొడుక్కి జబ్బు అనుకోవడం ఆవిడకి తేలిక. కోడలికి ఆ వాసన సంగతి తెలుసు. రెండు వారాలుగా తెలుసు. అడగడానికి ధైర్యం చాలక యూనిఫారాల కాలర్లు కుడుతూ కూర్చుంది.

"ప్రార్థన చెయ్యమ్మా," అంది అత్తగారు. "అన్నీ సర్దుకుంటాయి."

"చేస్తానత్తయ్యా," అంది రిజిస్టరక్క. ఆరు గంటలకల్లా రిజిస్టరు మందిరంలో ఉండాలి. దాన్ని చంకలో పెట్టుకుని వెళ్తూ దారిలో ప్రార్థన మొదలుపెట్టింది గానీ, రెండో వాక్యానికే అది మొగుణ్ణి నిలదీసే మాటల్లోకి తిరిగిపోయింది.

ఆ పూట ఆమె మిషను ముందు కూర్చుంది గానీ పని సాగలేదు. జేబులు తిరగేసి కుట్టింది. విప్పింది. మళ్ళీ తిరగేసి కుట్టింది. అది అమ్మ మిషను. ఈ మిషను మీద రాత్రీ పగలూ వంగి వంగి, నలభై ఏళ్ళైనా నిండకుండా అమ్మ పోయింది. చక్రం మీద చెయ్యి పెట్టినప్పుడల్లా రిజిస్టరక్కకు ఒకరి మీద కోపం వస్తుంది. ఆ కోపం ఎవరి మీదో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. దేవుడికి కూడా చెప్పలేదంటే నమ్మాలి.

మధ్యాహ్నం పన్నెండూ నలభైకి కత్తెర పక్కన పెట్టి, మిషను నూనె అంటిన చేతులు కడుక్కోకుండానే బయల్దేరింది.

మందిరం మెట్ల మీద రిటైరైన టైపిస్టు కూర్చుని ఉన్నాడు. ఒంటిగంట వరుస ఆయనది. పావుగంట ముందే వచ్చి కూర్చోవడం ఆయనకి అలవాటు. లోపల మీ ఆయన లేడమ్మా అని ఆమె అడగకముందే చెప్పేశాడు. వెనక బెంచీ అమ్మాయి ఉందన్నాడు.

"రోజూ ఆ అమ్మాయేనా?"

"మూడు వారాలుగా ఆ అమ్మాయే కదమ్మా తాళంచెవి ఇస్తోంది. నువ్వే మార్చావనుకున్నాం. నీ రిజిస్టరు సంగతి నీకు చెప్పేంతవాళ్ళమా మేము?"

మేము అన్నాడు. అంటే ఆయన ఒక్కడే కాదు. పదకొండు గంటల వరుసలో ఉన్న టీచరమ్మకి తెలుసు, ఊడ్చే మనిషికి తెలుసు, సంఘమంతటికీ తెలుసు. తెలియనిది రిజిస్టరు రాసే మనిషికి ఒక్కదానికే. ఆమెకు తల కొట్టేసినట్టయింది. స్త్రీల సమాజంలో తను లేచి నిలబడి విశ్వాసం గురించి, జాగరూకత గురించి మాట్లాడుతుంటే వీళ్ళంతా ఏమనుకుంటూ విని ఉంటారు?

ప్రార్థన గది తలుపుకి ఒక గాజు పలక ఉంది. అందులోంచి చూసింది. ఇరవై ఎనిమిది, ముప్పై మధ్య వయసు. నెల కిందట మందిరానికి రావడం మొదలుపెట్టి, చివరి బెంచీలో కూర్చుని, చివరి పాట అవకముందే లేచి వెళ్ళిపోయే పిల్ల. లాండ్రీలో ఇస్త్రీ పని అని ఎవరో అన్నారు. మోకాళ్ళ మీద ఉంది. పక్కనే నేల మీద తాళంచెవి. సబ్బు ఆవిరి వాసన ఎక్కడిదో రిజిస్టరక్కకు తెలిసిపోయింది.

వింత ఏమిటంటే, ఆ పిల్ల నిజంగానే ప్రార్థన చేస్తోంది. దొంగతనంగా దొరికిన గంటని అంత ఆబగా ఎవరైనా వాడుకుంటారా? భుజాలు కదులుతున్నాయి, పెదవులు కదులుతున్నాయి, ఎవరో తలుపు దగ్గర నిలబడ్డారన్న ధ్యాసే లేదు. ఒకప్పుడు తన మొగుడు అలా ఉండేవాడు. ఒకప్పుడు తనూ అలా ఉండేది. ఎప్పుడు మానేసింది? ఆ ఆలోచన వచ్చినందుకు రిజిస్టరక్కకు ఇంకా మండింది.

ఒంటిగంటకి ఆ పిల్ల లేచింది. రిజిస్టరులో నీలం పెన్నుతో సంతకం పెట్టింది. తలుపు తీసి, ఎదురుగా రిజిస్టరక్కని చూసి గుమ్మంలోనే ఆగింది. అలవాటు కొద్దీ గదికి తాళం వేసి, టైపిస్టు వైపు చెయ్యి చాపింది. ఆ చేతిలోంచి తాళంచెవి రిజిస్టరక్క లాక్కుంది.

"మా ఆయన ఎక్కడ?"

"మా ఇంట్లో," అంది ఆ పిల్ల.

టైపిస్టు చటుక్కున మొహం తిప్పుకుని గేటు వైపు చూడసాగాడు.

"సిగ్గు లేకుండా చెబుతున్నావే."

"సిగ్గుపడే పని కాదండీ. మా నాన్న మంచం పట్టారు. ఒంటరిగా వదిలి కదలడానికి లేదు. నాకు మధ్యాహ్నం ఈ గంటే ఖాళీ. ఒక్క గంట ఎక్కడైనా కూర్చుని ప్రార్థన చేసుకుంటే చాలని మీ ఆయన ముందు ఏడ్చాను. ఆయన తన గంట నాకిచ్చి, నా గంట ఆయన తీసుకున్నారు. నాన్నకి జావ పట్టి, ఒళ్ళు తుడిచి, నేను తిరిగి వెళ్ళేదాకా కూర్చుంటున్నారు."

మందిరంలో చిన్నవాళ్ళంతా ఆమెను అక్కా అనే పిలుస్తారు. ఈ పిల్ల ఒక్కసారి కూడా ఆ మాట వాడలేదు. అండీ, మీరు అంటూ ఆ మాట పక్కనుంచే నడుస్తోంది. రిజిస్టరక్క చెవికి అది తగిలింది.

"అంతమాత్రానికి దొంగ సంతకం దేనికి? నీ పేరు నువ్వే రాసుకోవచ్చుగా. నేనేమన్నా వద్దంటానా?"

ఆ పిల్ల నీలం పెన్నుకి మూత బిగించింది.

"ఆయనే వద్దన్నారు. నా ఇంటిపేరు చూస్తే మీరు గుర్తుపడతారని."

 ఆ పిల్ల తలొంచుకుని మిగతాది తనే చెప్పింది. నాన్న బైబిలు అట్టలు ఊడిపోతే బైండింగ్‌కి ఇచ్చింది. కొత్త అట్ట వేసేముందు మొదటి కాగితం చూడటం బైండరుకి అలవాటు. ఆ కాగితం మీద ఇంట్లోవాళ్ళ పుట్టినరోజులు రాసి ఉన్నాయి. అన్నిటికంటే పైన, అన్నిటికంటే పాత సిరాతో ఒక ఆడపిల్ల పేరు, తేదీ ఉన్నాయి. ఆ తేదీన బైండరు పద్దెనిమిదేళ్ళుగా భార్యకి కొత్త సూదుల పెట్టె కొనిస్తున్నాడు.

"నాకు ఆ పేరు మీదని అప్పటిదాకా తెలియదు," అంది ఆ పిల్ల. "నాన్నకి నాకంటే ముందు ఒక కూతురు ఉండేదని తెలుసు. అంతే."

రిజిస్టరక్కకు బొత్తం గుర్తుకొచ్చింది. మూడు చుట్లు, లోపలికి లాగిన ముడి. తొమ్మిదేళ్ళప్పుడు ఆ కుట్టు తనకు నేర్పింది నాన్న. తెల్లదారంతో కుట్టింది ఎవరో ఇక ఎవరినీ అడగక్కర్లేదు.

మొగుడు ఇంకో ఆడదాని దగ్గరికి వెళ్తున్నాడని తేలినా ఇంత భయం వేసేది కాదేమో. అప్పుడైతే తప్పు అతనిది అయ్యేది. ముప్పై రెండేళ్ళ కిందట అమ్మనూ తననూ వదిలి ఇంకొకామెతో వెళ్ళిపోయిన మనిషిని ఆమె చంపేసింది. నోటితో చంపింది. బడిలో చంపింది, పెళ్ళిచూపుల్లో చంపింది, ప్రతి ఏడూ మందిరంలో మైకు ముందు నిలబడి స్తోత్రం చెప్పి మరీ చంపింది. అది అబద్ధమని తెలిసిన మనిషి ఒకడు మూడు వారాలుగా పక్కనే కూర్చుని భోజనం చేస్తూ, ఒక్క మాట అనకుండా ఊరుకున్నాడు.

"ఇల్లెక్కడ?" అంది.

వెనకనుంచి టైపిస్టు, అమ్మా తాళంచెవి అన్నాడు. ఆమెకు వినపడలేదు.

లాండ్రీ పక్కన ఇనప మెట్లు. కింద ఇస్త్రీ బల్లల మీద ఆవిరి లేస్తోంది. ఆ పిల్ల కిందే ఆగిపోయింది. రిజిస్టరక్క ఒక్కో మెట్టూ ఎక్కుతూ, లోపలికి వెళ్ళి ఏమనాలో మాటలు కూడగట్టుకుంది. మీరు నన్ను మోసం చేశారు అనాలనుకుంది. నాలుగో మెట్టు మీద అది కుదరలేదు. నాకు చెప్పకుండా నా శత్రువుకి సేవ చేస్తారా అనాలనుకుంది. శత్రువులకి ఏం చెయ్యాలో గత నెలే స్త్రీల సమాజంలో ముప్పావుగంట చెప్పింది. అదీ కుదరలేదు.

పైన తలుపు సగం తెరిచి ఉంది. మంచం మీద ఒక ముసలాయన, అటువైపు తిరిగి. పక్కన స్టూలు మీద బైండరు. ఖాళీ గిన్నె నేల మీద ఉంది. ప్రభువు నేర్పిన ప్రార్థనను బైండరు ఒక్కో మాటా అంటున్నాడు, ముసలాయన వెనకనుంచి అందుకుంటున్నాడు. ఆ గొంతు మారిపోయింది. మాటని కొంచెం సాగదీసి వదిలే పద్ధతి మాత్రం మారలేదు.

ఆమెను నిలబెట్టేసింది ఆ గొంతు కాదు, మొగుడి గొంతు. ఏడాదిగా వినపడని గొంతు. మెల్లగానే ఉంది గానీ నిండుగా ఉంది. ఆ గదిలో రాని ప్రార్థన ఇక్కడ వస్తోంది.

మాకు కీడు చేసినవాళ్ళని మేము క్షమించినట్టు అనే చోటికి వచ్చారు. బైండరు అన్నాడు. ముసలాయన అందుకోలేదు.

బైండరు ఆగాడు. మళ్ళీ అన్నాడు.

"అక్కడ నాకు నోరు రాదయ్యా," అన్నాడు ముసలాయన. "దేవుణ్ణి అడిగేముందు అడగాల్సిన మనిషి ఒకతె ఉంది."

"మా ఇంట్లోనూ అక్కడే ఒక గొంతు ఆగిపోతుంది," అన్నాడు బైండరు. "పద్దెనిమిదేళ్ళుగా వింటున్నాను. దగ్గు వచ్చినట్టు చేస్తుంది. ఎందుకో ఇప్పుడు తెలిసింది."

గుమ్మం బయట రిజిస్టరక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అరచేతిలో ఏదో గుచ్చుకుంది. చూస్తే తాళంచెవి. ఒంటిగంట దాటి ఇరవై నిమిషాలైంది. మూసిన గది ముందు టైపిస్టు నిలబడి ఉంటాడు. ఇరవై రెండు రోజులు తెగని గొలుసు, అల్లిన చేతిలోనే తెగింది.

ఇప్పుడే వెనక్కి తిరిగితే ఎవరికీ తెలియదు. గది తెరిచి, క్షమాపణ చెప్పి, రిజిస్టరులో ఏదో రాసి సర్దెయ్యచ్చు. ఆమెకు అలాంటివి సర్దడం బాగా వచ్చు. ఒక కాలు వెనక్కి వేసింది. ఇనప రేకు కిర్రుమంది.

"ఎవరు?" అన్నాడు ముసలాయన. మొహం ఇటు తిప్పాడు. కళ్ళ మీద తెల్లటి పొర ఉంది. గాలి పీల్చాడు. "మిషను నూనె వాసన వస్తోంది. ఎవరయ్యా వచ్చింది?"

బైండరు తిరిగి చూశాడు. లేవలేదు. ఎవరో చెప్పలేదు. భార్య వైపు చూస్తూ అలాగే కూర్చున్నాడు. పేరు చెప్పడం తన పని కాదన్నట్టు ఎడమ చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాడు. మణికట్టు దగ్గర తెల్లదారం బొత్తం కనపడుతోంది.

ముప్పై రెండేళ్ళలో ఆ మనిషిని అడగడానికి ఆమె ఎన్ని ప్రశ్నలు కుట్టి పెట్టుకుంది. ఒక్కటీ నోటికి రాలేదు.

"ఆ బొత్తం ఎవరు కుట్టారు?" అంది.

 దుప్పటి కిందనుంచి ముసలాయన కుడి చెయ్యి పైకి లేచింది. లేని సూదిని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, గాలిలో ఒక చుట్టు చుట్టింది. రెండు. మూడు. ముడిని లోపలికి లాగాల్సిన చోట ఆగి, గుమ్మం వైపు అలాగే చాచి ఉండిపోయింది.

ఆమె ఇంకా గుమ్మం బయటే ఉంది.